కన్ను బాగుంది, చూపు లేదు

కంటి డాక్టరు ఉద్యోగంలో ఎక్కువ రోజులు శుక్లాలతోనే గడిచిపోతాయి. ఇవాళ ఆపరేషన్ చేస్తాం, రేపు కట్టు విప్పుతాం. ముసలమ్మ మన ముఖంలోకి చూసి "ఓ బిడ్డా, నువ్వు గింత చిన్నదానివా!" అంటుంది. ఆ సంతోషం ఎన్నేళ్లయినా పాతబడదు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు దాని గురించి నేను చెప్పనక్కర్లేదు, మొదటి వారంలోనే వాళ్లకే తెలుస్తుంది.

నేను రాయదలుచుకున్నది ఇంకో రకం రోగుల గురించి. వాళ్లకు కంట్లో ఏ లోపమూ ఉండదు. నల్లగుడ్డు తేటగా ఉంటుంది, లోపలి కంటి నరం గులాబీ రంగులో ఆరోగ్యంగా ఉంటుంది. అయినా కనపడదు. మూర్ఛ వచ్చి, దాంతోపాటు చూపు పోయినవాళ్లు. నా సర్వీసు మొత్తంలో అలాంటివాళ్లు కొద్దిమందే తగిలారు. కానీ రోగి మాట ఎలా వినాలో నాకు నేర్పింది వాళ్లే.

నేను పుట్టింది రఘునాథపల్లిలో. పనిచేసింది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో. అప్పట్లో ఈ మూడూ ఒకే జిల్లా. బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి, వాటికోసం ఎక్కిన మెట్ల గురించి ఇక్కడేమీ రాయను.

జనగామలో నా మొదటి సారు

నా మొదటి పోస్టింగులో పై అధికారి ప్రసాదరావు సారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. మా యాస విని నవ్వుతాడేమోనని మొదటిరోజు నేను కావాలని పుస్తకాల భాషలో మాట్లాడాను. ఆయన గమనించాడు. "నువ్వు ఈ ఊరి పిల్లవేగా? నాతో ఎలా మాట్లాడినా ఫర్వాలేదు. పేషెంట్లతో మాత్రం మీ భాషలోనే మాట్లాడు. 'మసక గొడుతుంది' అంటే ఒకటి, 'షీకటైతుంది' అంటే ఇంకోటి. రెండింటినీ కలిపి 'చూపు మందగించింది' అని రాసేశావనుకో, అసలు రోగం మధ్యలో జారిపోతుంది" అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం కాన్పుల వార్డు నుంచి కబురొచ్చింది. దేవరుప్పుల దగ్గరి ఊరి పిల్ల, స్వరూప. తొలి కాన్పు. కాన్పయ్యాక బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయట. తెలివి వచ్చాక బిడ్డను పక్కన పడుకోబెడితే "లైటెయ్యుండ్రి, ఏం కనవడ్తలేదు" అన్నదట.

"పట్టపగలమ్మా! కిటికీ తెరిచే ఉన్నది. లైటెయ్యమంటది నా బిడ్డ" అని ఆమె తల్లి గుండెలు బాదుకుంటోంది.

నేను టార్చి వేసి చూశాను. రెండు కనుపాపలూ చక్కగా ముడుచుకున్నాయి. లోపల నరం, రెటీనా అన్నీ బాగున్నాయి. కళ్ల ముందు చెయ్యి ఊపితే మాత్రం రెప్ప కూడా కదలలేదు. నాకు ఏమీ అర్థం కాక సారును పిలిచాను. ఆయన అంతా చూసి నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"కన్ను తెచ్చిన దాన్ని చూసేది తల వెనక భాగం. బీపీకి, ఫిట్స్‌కి అది సొమ్మసిల్లింది. బీపీ దిగితే మళ్లీ లేస్తుంది. నువ్వు మాత్రం ఆ తల్లితో చూపు పోయింది అనకు. ఇప్పటికి కనపడట్లేదు అను. ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంది."

రెండు మూడు రోజుల్లో స్వరూపకు చూపు వచ్చింది. ముందు తల్లి ముక్కుపుడక మెరుపు కనపడింది, తర్వాత తల్లి ముఖం, ఆ తర్వాత బిడ్డ. పెద్దగా ఏడ్చి వార్డంతా పోగుచేసింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. సారు మాత్రం బీపీ చార్టు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన పద్ధతి అది.

"లైటు బంద్ అయింది"

చాలా ఏళ్ల తర్వాతి సంగతి. తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపందుకున్న కాలం. నాకు పోస్టింగు మహబూబాబాద్‌లో, డిప్యుటేషన్ మీద భూపాలపల్లి వెళ్లి పనిచేస్తున్నాను. అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గుబాయిలు బంద్. మేమూ నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని అత్యవసర కేసులు మాత్రమే చూసేవాళ్లం. వరండాలో జనం పల్చబడ్డారు. రోడ్డవతల సమ్మె టెంటులో పొద్దస్తమానం డప్పులు, పాటలు.

ఒక ఉదయం ఇద్దరు మనుషులు లోపలికి వచ్చారు. ఒకతను ఇంకొకతని మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. నడిపించేవాడి పేరు సమ్మయ్య, నడుస్తున్నవాడి పేరు లచ్చిరాం. ఇద్దరూ ఒకే బాయిలో, ఒకే గ్యాంగులో పనిచేస్తారు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. లచ్చిరాంది నర్సింహులపేట దగ్గరి తండా. ఉద్యోగం వచ్చాక భార్యాపిల్లలతో భూపాలపల్లి వచ్చేశాడు.

"ఏమైంది?" అన్నాను.

"కనవడ్తలేదట అమ్మా" అన్నాడు సమ్మయ్య. ఆ చివరి 'ట' దగ్గర అతని గొంతులో విసుగు వినిపించింది.

"ఎప్పటినుంచి?"

"పొద్దుగాల పడిపోయి కొట్టుకున్నడట. లేసినకాడికెల్లి గిట్లనే. గిది మొదటిసారి గాదు. సమ్మెకు ముంగట బాయిల గూడ అయింది. ఇద్దరం దుంగ ఎత్తుతున్నం. నడుమల ఆగి, 'సమ్మన్నా, నా లైటు బంద్ అయింది' అన్నడు. లైటేమో ఆయన టోపి మీద బరాబర్ ఎల్గుతుంది. నా మొఖం మీదనే కొడ్తుంది, నేను కండ్లు మూసుకున్న. మజాక్ చేస్తుండనుకున్నం. జర సేపటికి మల్ల మంచిగనే పని చేసిండు."

లచ్చిరాం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు.

సమ్మయ్య కుర్చీ ముందుకు జరిపాడు. "అమ్మా, ఉన్న మాట చెప్త. గ్యాంగుల అందరు ఒక్కటే అంటుండ్రు. కొడుకుకు నౌకరి ఇప్పియ్యనీకె కండ్లు కనవడ్తలేవని ఆక్టింగ్ చేస్తుండంటుండ్రు. జర మీరే తేల్చుండ్రి. నాకు నిద్ర వడ్తలేదు."

ఆ బస్తీల్లో అది ఎప్పుడూ నలిగే మాట. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుందని ఆశ. ఆ ఆశతో లేని జబ్బు చెప్పుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు లేకపోలేదు. కాబట్టి సమ్మయ్య అనుమానం ఊరికే పుట్టింది కాదు.

అప్పుడు లచ్చిరాం నోరు విప్పాడు. "డాక్టరమ్మా, నాకేం కాయితం వద్దు. ఏం రాయకుండ్రి. జర మందిచ్చి పంపుండ్రి, సాలు."

"మీ గని దవాఖానకు ఎందుకు పోలేదు?"

"ఆడికి పోతె రాస్తరు. రాస్తె బాయి దిగనియ్యరు."

అన్‌ఫిట్ కావాలనుకునేవాడు రాయొద్దని ఎందుకు బతిమాలుతాడు? ఆ ప్రశ్న నాకు వెంటనే వచ్చింది. కానీ ప్రశ్న వచ్చినంత మాత్రాన సరిపోదు, పరీక్ష చేయాలి.

అద్దం

కనుపాపలు బాగానే ముడుచుకుంటున్నాయి. లోపల అంతా శుభ్రం. ఇక్కడే యువ డాక్టర్లు పొరబడతారు. మెదడు వెనక భాగం దెబ్బతిన్నా కనుపాప మామూలుగానే పనిచేస్తుంది, నటించేవాడి కనుపాపా మామూలుగానే పనిచేస్తుంది. టార్చి లైటు ఈ ఇద్దరినీ వేరు చేయలేదు.

దానికి జనగామలో ప్రసాదరావు సారు నేర్పిన ఉపాయం ఒకటుంది. నర్సుల గదిలో గోడకున్న పెద్ద అద్దం తెప్పించాను. మనిషి ముఖానికి దగ్గరగా అద్దం పట్టి అటూ ఇటూ మెల్లగా తిప్పితే, ఏ కొంచెం చూపు ఉన్నా కళ్లు అద్దంతోపాటు కదిలిపోతాయి. ఆపుకోవడం మనిషి వల్ల కాదు.

లచ్చిరాం ముఖం ముందు అద్దం పట్టి తిప్పాను. అతని కళ్లు కదల్లేదు. గోడ వైపు ఎలా నిలిచి ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇంకా దగ్గరగా పట్టాను. అంతే.

"సమ్మయ్యా, ఇప్పుడు నువ్వు కూర్చో. నేను అద్దం తిప్పుతాను. నువ్వు మాత్రం కళ్లు కదపొద్దు."

"గదేం పెద్ద పని అమ్మా" అని కూర్చున్నాడు. అద్దం కదలగానే అతని కళ్లు దాని వెంట పోయాయి. "ఆగుండ్రి, ఆగుండ్రి, మల్లొక్కసారి" అన్నాడు. మళ్లీ పోయాయి. పళ్లు బిగించి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ప్రయత్నించాడు. ఈసారీ అంతే. నవ్వేశాడు. అక్కడున్న నర్సు కూడా నవ్వింది.

ఉన్నట్టుండి అతని నవ్వు ఆగిపోయింది. పక్కకు తిరిగి లచ్చిరాంను చూశాడు. "అంటె... గీనకు నిజంగనే..." అని మాట పూర్తి చేయలేకపోయాడు. లేచి వెళ్లి లచ్చిరాం చెయ్యి పట్టుకున్నాడు.

"నేను చెప్తనే ఉన్న గదనే" అన్నాడు లచ్చిరాం, కోపం లేకుండా.

ఇద్దరినీ అక్కడే కూర్చోబెట్టాను. మధ్యాహ్నం దాటాక లచ్చిరాంకు చూపు మెల్లగా రావడం మొదలైంది. ముందు ఎడమ పక్క వచ్చింది. అతను సమ్మయ్య వైపు తిరిగి "అన్నా, నీ మొఖం సగమే ఉన్నదేందే" అన్నాడు. "మిగిలిన సగం గూడ గింతే ఉంటది తియ్, కొత్తగేముంటది" అన్నాడు సమ్మయ్య. సాయంత్రానికి కుడి పక్క కూడా వచ్చింది.

ముందు రంగులు, తర్వాత చీకటి

లచ్చిరాం భార్య ద్వాలి కబురు అందుకుని వచ్చింది. భర్త చెప్పనిదంతా ఆమె చెప్పింది. నేను అడిగింది ఒక్కటే, "మొదట్నుంచీ చెప్పు" అని.

"మొదలు రంగులొస్తయంటడు అమ్మా. కుడి దిక్కు ఎర్రగ, పచ్చగ గుండ్రాలు తిరుగుతయట. ఎనక షీకటైతదంటడు. కండ్లు ఒక దిక్కు గుంజుకపోతయి. ఇగ కక్కుడు, తలకాయ నొప్పి. రుమాలు కట్టుకొని పంటడు. రెండుమాట్ల పడిపోయి కొట్టుకున్నడు, చేతుల తాళపుచెవులు వెట్టిన. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు."

"ఎందుకు?"

ఆమె భర్త వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆడివిల్లున్నది గదమ్మా. తండ్రికి మూర్ఛ ఉన్నదంటె ఎవలొస్తరు?"

నేను ప్రసాదరావు సారుకు ఫోన్ చేశాను. రిటైరై జనగామలోనే ఇల్లు కట్టుకుని ఉన్నాడు. గుంటూరు మనిషని ఉద్యమం రోజుల్లో ఆయన్ని ఎవరైనా ఏమైనా అంటారేమోనని నాకు లోపల బెంగగా ఉండేది. అదే అడిగితే, "మా వీధిలో రేపు ఉద్యమం కోసం రోడ్డు మీద వంటావార్పు. నాకు వంకాయలు తరిగే పని అప్పజెప్పారు. నువ్వు కేసు చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆయన ఒకే ప్రశ్న వేశాడు. "రంగులు ముందా, చీకటి ముందా?"

"రంగులే ముందట సార్. కుడివైపు."

"అయితే మూర్ఛ తల వెనక, ఎడమ పక్కన పుడుతోంది. ఫిట్ నడుస్తున్నంతసేపూ చూపు ఉండదు. పెద్ద ఫిట్ వస్తే తగ్గాక కూడా కొన్ని గంటలు చూపు రాదు. తల స్కాన్ తీయించు. మళ్లీ మళ్లీ రానిస్తే చూపు పూర్తిగా వెనక్కి రాకపోయే ప్రమాదం ఉంది. ఆలస్యం చేయకు."

స్కాన్‌కు హన్మకొండ పోవాలి. బస్సులు లేవు. మర్నాడు సమ్మయ్య ఎక్కడినుంచో ఒక జీపు తెచ్చాడు. నేనూ హన్మకొండలో మా ఇంటికి పోవాల్సి ఉండి వాళ్లతోపాటే ఎక్కాను. పరకాల దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. జీపు ఆగింది.

సరిగ్గా అక్కడే లచ్చిరాం నా వైపు తిరిగి "అమ్మా, రంగులొస్తున్నయ్" అన్నాడు.

వినడం వేరు, కళ్లారా చూడడం వేరు. అతని కళ్లు రెండూ కుడివైపుకు లాగినట్టు తిరిగిపోయాయి. "షీకటైంది" అన్నాడు. ఆ తర్వాత ఒళ్లు బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. మేం అతన్ని కిందికి దింపి పక్కకు తిప్పి పడుకోబెట్టాం. వంట చేస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒకామె నడుముకున్న తాళపుచెవుల గుత్తి తీసింది.

"వద్దక్కా, చేతుల ఏం పెట్టొద్దు. నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఊరికె పక్కకు తిప్పి పట్టుకుంటె సాలు" అన్నాను. నాకు తెలియకుండానే మా ఊరి మాట వచ్చేసింది. ఆమె గుత్తి దోపుకుని, కొంగు మడిచి అతని తల కింద పెట్టింది.

అక్కడి నాయకుడు ఒకతను గట్టిగా కేకేశాడు. "పొయ్యిలు జరుపుండ్రి! పానం మీదికొచ్చింది, బండి పోవాలె!" నలుగురు మగవాళ్లు తడి గోనెసంచులు పట్టుకుని ఆ ఉడుకుతున్న గుండిగను ఎత్తి పక్కన పెట్టారు. మండుతున్న కట్టెలను కాళ్లతో తోశారు. దారి అయింది. లచ్చిరాంను ఎక్కించి బయల్దేరుతుంటే ఆ కొంగు మడిచిన ఆమె విస్తరాకులో అన్నం మూటగట్టి ద్వాలి ఒళ్లో పెట్టింది. "నువ్వు తినలే గద బిడ్డా, నీ మొఖం జూస్తె తెలుస్తుంది" అన్నది.

స్కాన్‌లో తల వెనక ఎడమ పక్కన చిన్న మచ్చ కనపడింది. నరాల డాక్టరు చూసి, కడుపులో పెరిగే పురుగు గుడ్డు ఎప్పుడో మెదడులోకి చేరి అక్కడ గట్టిపడిందని చెప్పాడు. ఆపరేషన్ అక్కర్లేదు, మూర్ఛ రాకుండా మాత్రలు వాడాలి, ఒక్క పూట కూడా మానొద్దు అన్నాడు. ద్వాలికి వెంటనే అనుమానం వచ్చింది. "గా పురుగు పంది మాంసం తింటెనే వస్తదంటరు, మేం ముట్టం గద సారూ?" అన్నది. మాంసంతో పని లేదని, సరిగ్గా కడగని కూరగాయల నుంచి, నీళ్ల నుంచి ఎవరికైనా ఆ గుడ్లు చేరతాయని ఆయన ఓపికగా చెప్పాడు. మంచి డాక్టరు. రోగం పేరుకంటే ముందు ఆ ఇంటావిడ భయం తీర్చాడు.

రాయాలా, వద్దా

సంగతి మా సూపరింటెండెంటు దాకా పోయింది. మహబూబాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "గనుల్లో పనిచేసేవాళ్ల విషయంలో జాగ్రత్తమ్మా. గతంలో ఒకడి మాట నమ్మి అన్‌ఫిట్ అని రాసిచ్చి నేను ఇబ్బంది పడ్డాను. మనకెందుకు?" అన్నాడు. చెడ్డ మనిషి కాదు. ఒకసారి మోసపోయాక అందరినీ అదే కళ్లతో చూడడం మొదలుపెట్టాడు. చాలామంది పై అధికారులు అలాగే గట్టిపడతారు. "సార్, ఇక్కడ స్కాన్ ఉంది, నేను కళ్లారా చూసిన ఫిట్ ఉంది" అన్నాను. ఆయన "అయితే రాయి. రాసింది మాత్రం గట్టిగా రాయి" అన్నాడు.

కానీ అసలు అడ్డు సూపరింటెండెంటు కాదు, లచ్చిరామే. సమ్మె ఉన్నన్ని రోజులు అందరూ ఇళ్లలోనే ఉన్నారు కాబట్టి అతను పనికి పోకపోవడం ఎవరికీ తెలియలేదు. సమ్మె విరమించారని తెలిసిన రోజు లచ్చిరాం, ద్వాలి, సమ్మయ్య ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. మాత్రలు మొదలయ్యాక ఫిట్ రాలేదు. చూపు బాగుంది. అతని ముఖంలో వెలుగు వచ్చింది.

"గోలీలు మింగుతున్న గదమ్మా. ఇగ రాదు. రేపు డ్యూటీకి పోత."

"పైన ఏ పనైనా చెయ్యి. బాయి మాత్రం దిగొద్దు. నేను రాసి ఇస్తాను."

"పైన పని నాకెందుకమ్మా? బాయిల నా పనంటె అందరికి నమ్మకం. నేను నిలవెట్టిన దుంగ ఒక్కటి గూడ జారలే." అతను బాధపడుతున్నది డబ్బు గురించి కాదని నాకప్పుడు అర్థమైంది. ఆ పనిలో అతనికున్న పేరు గురించి.

సమ్మయ్యే చెప్పాడు.

"లచ్చన్నా, నీ పని మంచిదే. నేను కాదంటలే. కాని దుంగ నీ చేతుల ఉన్నప్పుడు రంగులొచ్చినయనుకో. కింద ఉండేది ఎవలు? నేను. నాకు ఇద్దరు పిల్లలు."

లచ్చిరాం తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ద్వాలి అతని భుజం మీద చెయ్యేసి తమ భాషలో ఏదో అన్నది. ఏమన్నదో నాకు తెలియదు, అడగలేదు. చివరికి అతను తలెత్తి, "రాయుండ్రి అమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు అతనే గ్యాంగు మధ్యలో నిలబడి, తనకు మూర్ఛ ఉందని, దానివల్లే చూపు ఆగిపోతోందని చెప్పాడట. వెక్కిరించినవాళ్లే అతని వెంట మేనేజరు గదిదాకా నడిచారట. ఇదంతా సమ్మయ్య వచ్చి చెప్పాడు, ఆ నడిచినవాళ్లలో తానే ముందున్నట్టు కూడా. కొన్నాళ్లకు లచ్చిరాంను మొక్కల నర్సరీలో వేశారు. గనుల్లోంచి తీసిపోసిన మట్టికుప్పల మీద నాటడానికి వేప, కానుగ మొక్కలు పెంచే పని. మొదట్లో చిన్నతనంగా ఉందన్నాడు. తర్వాత వచ్చినప్పుడల్లా ఏ మొక్క ఎంత ఎదిగిందో చెప్పకుండా పోయేవాడు కాదు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఈ కేసు నుంచి నేను తీసుకున్నది సూటిగా చెబుతాను. కంట్లో ఏమీ కనపడకపోతే "ఏమీ లేదు" అని రాయకండి. మీకేమీ కనపడలేదు, అంతే. నటన అనే మాట రోగి ముందు గానీ వెనక గానీ అనేముందు పరీక్ష పూర్తి చేయండి. చూపు పోయిందన్నవాణ్ణి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని వరసగా అడగండి. ఇంట్లో చూసినవాళ్లను తప్పకుండా అడగండి. ఫిట్ వచ్చినవాడు తన ఫిట్‌ను తాను చూడలేడు కదా. నిమిషాల్లో వచ్చిపోయే చీకటి, ముందు రంగులు, తర్వాత వాంతి ఉంటే కళ్లద్దాలు రాసి పంపకండి, నరాల డాక్టరు దగ్గరికి పంపండి. షుగరు బాగా పెరిగినవాళ్లలో కూడా ఇలాగే రావచ్చు. అదీ చూడండి.

ఇంకో మాట. మూర్ఛకు మందుంది. చాలామందికి మాత్రలతోనే ఆగిపోతుంది, చూపు నిలుస్తుంది. మందు లేనిది ఆ జబ్బును దాచిపెట్టే అలవాటుకే. దాన్ని మనుషులే మానాలి. అలా మానడం నేనొకసారి చూశాను.

తండాలో ఆ ఆదివారం

రాష్ట్రం వస్తుందా రాదా అని ఊరూరా ఇంకా వాదించుకుంటున్న రోజులే. నేను మహబూబాబాద్‌కు తిరిగి వచ్చాను. నర్సింహులపేట దగ్గరి తండాలో కంటి శిబిరం పెట్టాం. అది లచ్చిరాం తండానే. ముందురోజే సెలవు పెట్టి వచ్చి, బల్లలు వేయడం దగ్గర్నుంచి ముసలివాళ్లను వరసలో కూర్చోబెట్టేదాకా అన్నీ అతనే చూసుకుంటున్నాడు. ఫిట్ వచ్చి చాలాకాలమైంది.

ద్వాలి నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "బిడ్డకు సంబంధం మాట్లాడుతున్నం అమ్మా. పిల్లగాని తరపు పెద్దమనుషులు గూడ గీడికే వచ్చిండ్రు, కండ్లు చూపించుకోనీకె." చెట్టు నీడలో తెల్ల రుమాళ్లు చుట్టుకుని కూర్చున్న నలుగురైదుగురిని చూపించింది. ఆమె ముఖంలో ఆశ, భయం రెండూ ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు కంటి జబ్బుల గురించి నాలుగు మాటలు చెప్పడం నా అలవాటు. ఫిట్స్ వల్ల కూడా చూపు ఆగిపోవచ్చని చెబుతున్నాను. లచ్చిరాం పేరు ఎత్తలేదు, ఎత్తే ఉద్దేశమూ లేదు. అతనే లేచి నిలబడ్డాడు.

"డాక్టరమ్మ చెప్పేది నిజం. గది నాకే అయింది" అన్నాడు.

ద్వాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఆగలేదు. బాయిలో జరిగింది, రోడ్డు మీద జరిగింది, అంతా చెప్పాడు. సగం తెలుగులో, సగం వాళ్ల భాషలో. మాత్రల డబ్బా జేబులోంచి తీసి చూపించాడు. "గిది మింగుతున్న. మంచిగున్న. దాసి పెండ్లి చేసి, రేపు బయటవడితె నా బిడ్డకే మాటొస్తది. గందుకె ఇప్పుడే చెప్తున్న" అని కూర్చున్నాడు.

చెట్టు కింద ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన లేచాడు. వెళ్లిపోతాడనే అనుకున్నాను. ద్వాలి కూడా అదే అనుకుందేమో, కళ్లు మూసుకుంది. ఆయన ఆడవాళ్లు కూర్చున్న వైపు నడిచి, ఏడెనిమిదేళ్ల పిల్లను చెయ్యి పట్టుకుని లేపాడు. ఆయన మనవరాలు, సంబంధం మాట్లాడుతున్న పిల్లవాడి అన్న కూతురు. వరసను దాటించి నేరుగా నా బల్ల దగ్గరికి తెచ్చాడు.

"గీ పొల్లకు గూడ గంతేనమ్మా. సదువుకుంట సదువుకుంట నడుమల కనవడ్తలేదంటది. బడిల సారు దొంగ వేషాలంటడు. మేం గూడ కొట్టినం. పడిపోయి కొట్టుకునుడు ఎవ్వలకు చెప్పలే, ఇన్నొద్దులు దాసినం." ఆయన లచ్చిరాం వైపు తిరిగాడు. "పెండ్లి మాట మల్ల మాట్లాడుకుందం లచ్చిరాం. మన ఇండ్ల నడుమ దాసేటిది ఏం లేదు ఇగ." ఆ పెళ్లి ఆ వేసవిలోనే జరిగింది, నేనూ వెళ్లాను.

కానీ ఆ పూట పెళ్లి సంగతి ఎవరికీ గుర్తులేదు. పిల్ల తాత కాళ్లకు చుట్టుకుని, నా వైపు రాకుండా నిలబడింది. లచ్చిరాం నేల మీద ఆమె పక్కన గొంతుక్కూర్చుని వాళ్ల భాషలో ఏదో అడిగాడు. పిల్ల అతని చెవిలో చాలాసేపు చెప్పింది. ఆమెను అంతసేపు ఎవరూ విని ఉండరు.

"ఏమంటోంది?" అన్నాను.

"తనే చెప్తదట అమ్మా" అన్నాడు లచ్చిరాం. "మొదట్నుంచి చెప్తదట. మీరు కొట్టరు గద అని అడుగుతుంది."

టార్చి పక్కన పెట్టి, పిల్లను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను.